పత్రమా? పాత్రతయా?

మందులంగడిలో బల్ల వెనుక నిలిచి మందులిచ్చువాని పేరు 1948 నాటి ఫార్మసీ చట్టము ననుసరించి రిజిస్టరులో నుండవలెను. న్యాయస్థానమున వాదించువానికి 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము సన్నదు కావలెను. గుడివాడనుండి బందరునకు ధాన్యపు లారీని తోలువాడు లైసెన్సు లేక పట్టుబడెనేని జరిమానా కట్టవలెను. ఇవన్నియు న్యాయమే, ఎవ్వరును కాదనరు. ఆఱేండ్ల పసివాని చేతికి పలకనిచ్చి, వాని వ్రాతను, మాటను, బుద్ధిని దిద్దుటకు కూర్చున్నవానిని మాత్రము "నీకీ పని వచ్చునా?" యని యడుగువాడు లేడు. అడుగవలెనను చట్టము లేకపోలేదు. చట్టములు పెక్కు కలవు. అడుగవలసినవారు కొన్నియెడల నూరకున్నారు. అడిగిన చోట పత్రము నడుగుచున్నారు గాని పాత్రత నడుగుట లేదు. ఉపాధ్యాయునకు లైసెన్సే వలదనువారును, ఇప్పటి పరీక్షయే లైసెన్సనువారును, ఇరుతెగలవారును మన బిడ్డలకు సమానముగనే అపకారము చేయుచున్నారని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకే ఈ వ్యాసము.

ఉపాధ్యాయునకు శిక్షణ కావలెనను మాట మనకు క్రొత్తది కాదు. 1854 నాటి వుడ్ దొరగారి విద్యాపత్రము ఈ దేశమున శిక్షణశాలలు నెలకొల్పవలెనని చెప్పినది. 1894 లో రాజమహేంద్రవరమున ట్రెయినింగు కాలేజీ వెలసినది. నాటి మద్రాసు రాజధానిలో పంతుళ్ళను వారి శిక్షణనుబట్టి గ్రేడులుగా విభజించిరి. నేటికిని మనము ప్రాథమిక పాఠశాల పంతులును సెకండరీ గ్రేడు టీచరని పిలుచుట ఆ కాలపు మాట మిగిలియుండుటయే. 1976 నాటి రాజ్యాంగ సవరణముచే విద్య కేంద్ర రాష్ట్రముల ఉమ్మడి జాబితాలోనికి వచ్చెను. 1993 లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చట్టమును, 2009 లో విద్యాహక్కు చట్టమును పుట్టినవి. ఈ రెండవ చట్టము 23 వ విభాగము నాధారముగా గొని, 2010 ఆగస్టు 23 న మండలివారు ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు బోధించువారికి కావలసిన కనీసార్హతలను ప్రకటించిరి. చదువును, శిక్షణయు చాలవు. టెట్ అను అర్హతపరీక్ష గూడ తేఱవలెను. మన రాష్ట్రమున మొదటి టెట్ 2011 లో జరిగినది. 2014 నాటి నిబంధనలచే ఏడాది చదువైన బి.ఎడ్. రెండేండ్లయినది. 2023 ఆగస్టు 11 న సుప్రీముకోర్టువారు, పసిపిల్లలకు నేర్పు విద్య వేఱు, పెద్దపిల్లలకు నేర్పు విద్య వేఱనియు, బి.ఎడ్. చదివినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారనియు తీర్పు చెప్పిరి. 2025 సెప్టెంబరు 1 న అదే న్యాయస్థానము, టెట్ లేకయే ఉద్యోగములోనుండి, పదవీవిరమణకు అయిదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులందఱు రెండేండ్లలో దానిని తేఱవలెననియు, లేనిచో కొలువు విడువవలసివచ్చుననియు శాసించినది. ఇది చట్టముల చరిత్ర. కాగితముపై జూచినచో ఇంత కట్టుదిట్టము మఱే వృత్తికిని లేదనిపించును.

ఇక లైసెన్సే వలదనువారి వాదములను పరిశీలింతము. వీరిలో మొదటి తెగవారు పూర్వకాల ప్రియులు. "బందరు హైస్కూలులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తెలుగు చెప్పిరి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులైరి. ఆయనకే ట్రెయినింగు సర్టిఫికెట్టు కలదు?" అని వీరు ప్రశ్నింతురు. ప్రశ్న గంభీరముగనే యున్నది. కాని అది వారి వాదమునే పడగొట్టుచున్నది. వేంకటశాస్త్రిగారు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారిని ఏండ్ల తరబడి శుశ్రూషించి విద్య గడించిరి. తిరుపతిశాస్త్రిగారితోగూడి ఊరూర సభలలో, పదుగురు పండితుల యెదుట, ఆశువుగా శతావధానములు చేసి నెగ్గిరి. పృచ్ఛకు లడిగినదానికి అక్కడికక్కడ బదులీయలేనివానికి ఆ సభలలో నిలువ నీడ లేదు. అంతకంటె కఠినమైన శిక్షణ యేది? అంతకంటె బహిరంగమైన పరీక్ష యేది? ఆయన తయారీ లేకుండ పంతులు కాలేదు. నేటి మన తయారీకి నూఱు రెట్లు తయారై పంతులయ్యెను. అట్టి యొక్కని పేరు చెప్పి, ఏమియు నేర్వని వేయిమందిని పిల్లల మీదికి తోలుట ఆయనకు చేయు గౌరవము కాదు. 1910 లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు బందరున ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. దొరతనమువారి పట్టముల నాసింపని ఆ విద్యాశాలకు చిత్రకళ నేర్పుటకై వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయులు వచ్చిరి. పత్రములను లెక్కసేయనివారు పాత్రతను మాత్రము అంత దూరమునుండి రప్పించుకొనిరి.

మన ప్రాచీనులు సయితము ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాస హరదత్తులను నాట్యాచార్యు లిరువురు నాకంటె నీవెక్కువవాడవు కావని రాజసభలో కలహింతురు. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక వారిని శాస్త్రప్రశ్నలడిగి మార్కులు వేయదు. వారి వారి శిష్యురాండ్రను రంగమునకు రప్పింపుమనును. విద్య తనకు వచ్చుట యొకటి, ఎదుటివానికి వచ్చునట్లు చేయుట మఱియొకటి యని ఆమె యెఱుగును. ఈ తీర్పునందలి రహస్యమును మన జిల్లాలోని కూచిపూడి గ్రామము తరతరములుగా ఎఱిగియున్నది. ఆ యూర నాట్యాచార్యుని గొప్ప వాని గోడమీది పటములలో లేదు. శిష్యుడు గజ్జె కట్టి యడుగు వేసినప్పుడు తెలియును. బోధనము ఒక ప్రయోగము. ప్రయోగమును ప్రయోగముననే పరీక్షింపవలెను. ఈ చిన్న సత్యమును మన నేటి శాసనకర్తలు మఱచిరి.

రెండవ తెగవారు ప్రయివేటు బళ్ళ యజమానులు. "మా బడిలో ఫలితములు చూడుడు, పంతులమ్మ పట్టముతో మీకేమి పని?" అని వీరందురు. విద్యాహక్కు చట్టమునందలి అర్హతలు సర్కారు బడికే కాదు, ప్రయివేటు బడికిని వర్తించును. అయినను మన డెల్టా పట్టణములలో ఏ వీథికి పోయినను, తానే నిన్న మొన్న పరీక్ష ముగించిన యువతి, శిక్షణ మాటయే యెఱుగక, నలువది యేబది మంది పిల్లల నదలించుచు కనబడును. ఆమె దోషమిందేమియు లేదు. ఆమెకిచ్చు జీతము కూలికి పోవు స్త్రీ సంపాదనతో పోల్చుకొన సిగ్గుపడునంతటిది. వేసవి సెలవులలో అదియు నుండదు. నిజమైన అర్హత గలవారు అంత జీతమునకు రారు గనుకనే యజమానికి అర్హత యనవసరమని తోచుచున్నది. ఇది విద్యాసిద్ధాంతము కాదు, జమాఖర్చు. 2019 లో మన రాష్ట్రమున పాఠశాల విద్యా నియంత్రణ పర్యవేక్షణ సంఘమును స్థాపించుచు చట్టము చేసిరి. తరువాత జరిగిన రభస యంతయు ఫీజుల గూర్చియే. 2021 లో ఫీజుల నిర్ణయించుచు ఉత్తరువులు వెలువడుటయు, ఆ యేటి చివరనే హైకోర్టు వానిని కొట్టివేయుటయు జరిగినది. ఇంటింట ఫీజులను గూర్చి చర్చించితిమి. ఆ ఫీజు పుచ్చుకొని మన బిడ్డకు చదువు చెప్పునదెవరు, ఆమె యేమి నేర్చివచ్చినది, ఆమెకు ముట్టుచున్న దెంత యని యెన్ని యిండ్లలో చర్చ జరిగినది?

ప్రయివేటువారి నన్నంతమాత్రమున సర్కారు నిర్దోషియని మేమనుట లేదు. చట్టము చేసిన చేతులే చట్టమును తొలుత మీఱినవి. 1980 దశకమున నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను నియమించిరి. నేటికిని వారిని 398 పంతుళ్ళనియే పిలుచుచున్నారు. మనిషి పేరు పోయి కూలి రేటే పేరైన వృత్తి మఱియొకటి కలదేమో మేమెఱుగము. తరువాత అప్రెంటిసులు వచ్చిరి. ఆ తరువాత విద్యావాలంటీర్లు వచ్చిరి. ప్రతి సారియు ఇది తాత్కాలికమేయని చెప్పిరి. ప్రతి సారియు తాత్కాలికమే శాశ్వతమైనది. కేంద్రమును తక్కువ తినలేదు. శిక్షణ లేని ఉపాధ్యాయులు అయిదేండ్లలో శిక్షణ పొందవలెనని 2010 లో నియమము పెట్టి, 2015 నాటికి గడువు తీఱిపోగా, 2017 లో చట్టమును సవరించి 2019 మార్చి వఱకు పొడిగించిరి. మఱియొకవైపు, 1998 లో డి.ఎస్.సి. వ్రాసి యర్హులమైతిమన్నవారిలో పెక్కురు రెండు పదుల యేండ్లకు మించి వేచి, తల నెఱసినపిదప బడి మెట్లెక్కిరి. అర్హతలేనివానిని పిలిచి కూర్చుండబెట్టుటయు, అర్హుడనన్నవానిని గుమ్మమున నిలువబెట్టుటయు నొకే ప్రభుత్వ వ్యవస్థ చేసినది.

ఇప్పుడు శిక్షణశాలల సంగతి. సుప్రీముకోర్టు నియమించిన జస్టిస్ వర్మగారి సంఘము 2012 లో నివేదిక సమర్పించినది. దేశమున పదివేలకు మించియున్న విడి శిక్షణశాలలలో అధికభాగము చదువు చెప్పు యత్నమైనను చేయక, వెలకు పట్టము లమ్ముచున్నవని ఆ నివేదిక సారము. 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఆ మాటను ఎత్తి చూపినది. రెండేండ్ల బి.ఎడ్. లో ఇరువది వారములు బడిలో నుండి పని నేర్వవలెనని నిబంధన. ఆ యిరువది వారముల హాజరు ఎన్ని చోట్ల సిరాతో మాత్రమే జరుగుచున్నదో చదువరులెఱుగుదురు. ఒడిస్సానుండి, ఇతర రాష్ట్రములనుండి మన కళాశాలలలో పేరు వ్రాయించుకొని పరీక్షకు మాత్రము వచ్చిపోవువారి కథలు పత్రికలలో వచ్చినవే. అంత దూరమేల? మన యింటి మాట చెప్పుకొందము. అమ్మాయికి పెండ్లి సంబంధము చూచునప్పుడు "బి.ఎడ్. కూడ చేసినది" అని చెప్పుకొనుట మనకొక మర్యాదయైనది. ఆ పట్టము నగలతోపాటు పెట్టెలోనుండును. అవసరము వచ్చిననాడు తీయుదురు. తరగతికి పోకుండ హాజరు వేయుటకు వేఱుగ రుసుము కట్టినవారు ఎవరు? విద్యార్థినులు కారు, వారి తండ్రులు, అన్నలు, కొండొకచో మగలు. బిడ్డల చదువును గూర్చి తీరికవేళ విలపించువారును వీరే. ఒక చేత పత్రమును కొని, మఱియొక చేత పాత్రత లేదని బడిని నిందించుట ఏ ధర్మము?

మా ప్రాంతమున రెండూళ్ళున్నవి. వానిని జూచిన మన విద్యావ్యవస్థ సమస్తము తెలియును. ఒకటి గుడివాడ దాపున గుడ్లవల్లేరు మండలమునందలి అంగలూరు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 1887 లో పుట్టినదా యూరనే. మన కృష్ణాజిల్లా విద్యాశిక్షణ సంస్థ, అనగా అందఱును డైట్ అని పిలుచునది, అక్కడనే యున్నది. 1986 నాటి జాతీయ విద్యావిధానమును బట్టి ప్రతి జిల్లాకు నొకటి చొప్పున ఇట్టి సంస్థ లేర్పడినవి. పసిపిల్లలకు నేర్పు విద్యను రెండేండ్లు నేర్పుటకును, పనిలోనున్న పంతుళ్ళకు మరల మరల చేయూతనిచ్చుటకును ఇవి పుట్టినవి. కాని రాష్ట్రమంతటను వీనికి శాశ్వతాధ్యాపకుల కొఱత పాతజబ్బయినది. హైస్కూలు పంతుళ్ళను డెప్యుటేషనుపై తెచ్చి కాలము గడపుచున్నారు. పంతుళ్ళకు పంతుళ్ళు కావలసినవారి యాసనములే ఖాళీగానున్నచో తక్కినది చెప్పనేల?

రెండవ యూరు దివిసీమ ముఖద్వారమైన అవనిగడ్డ. డి.ఎస్.సి. ప్రకటన వచ్చుచున్నదను గాలి వీచినంతనే ఉత్తరాంధ్రమునుండి, రాయలసీమనుండి యువతీయువకు లక్కడికి చేరుదురు. గదులు నిండును, మెస్సులు నిండును, చెట్టుక్రింద అరుగులమీద సయితము బిట్లు వల్లించువారు కనబడుదురు. ఆ పిల్లల నెవరైన పరిహసించినచో మేమొప్పము. కూలివాని కూతురు, చేపలు పట్టువాని కొడుకు, సిఫారసు లేకయే సర్కారు కొలువు గెలిచిరన్నచో ఆ బిట్ల పరీక్ష పుణ్యమే. అది సామాన్య లాభము కాదు. 2025 లో 16,347 కొలువులకు జరిగిన డి.ఎస్.సి. ని నమ్ముకొని ఎందఱు ఇండ్లు విడిచి వచ్చిరో తలచిన కనులు చెమ్మగిల్లును. కాని చదువరులు ఒక్కటి గమనింపవలెను. పంతులు కావలెనన్న ప్రభుత్వము పొమ్మన్న యూరు అంగలూరు. పంతులు కాదలచినవాడు పోవుచున్న యూరు అవనిగడ్డ. పని నేర్పు నూరు పాడుపడుచు, పరీక్ష నేర్పు నూరు పండుగ చేసికొనుచున్నది. తప్పు అవనిగడ్డది కాదు. దేనిని పరీక్షించిన లోకము దానినే నేర్చును.

ఆ పరీక్షయెట్టిదో చూతము. టెట్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషములు; ప్రశ్నకొక నిమిషము. నూటికి అఱువది వచ్చిన తేఱినట్లు. వెనుకబడిన తరగతులవారికి ఏబదియు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి నలువదియు చాలును. డి.ఎస్.సి. లో ఆ మార్కులకు ఇరువది పాళ్ళు, వ్రాతపరీక్షకు ఎనుబది పాళ్ళు విలువ. ఈ మొత్తములో అభ్యర్థి ఒక్క పిల్లవాని ముందైనను నిలువడు. ఒక్క పాఠమైనను చెప్పడు. పియాజె చెప్పిన వికాసదశలెన్ని యన్న నాలుగని గుర్తించును. ఎదుట నున్న పిల్లవాడు అంకెలు చెప్పుచున్నను లెక్క యెందుకు చేయలేకున్నాడో చెప్పజాలడు. ఎదురుమొండి దీవివంటి చోట్లకు పంటు దాటి పోయిన పంతులొక్కడే అయిదు తరగతులను ఒకే గదిలో నడుపవలసివచ్చును. మూడవ తరగతికి గుణకారము చెప్పుచుండగా ఒకటవ తరగతి పిల్లలేమి చేయవలెను? తండ్రి తెల్లవాఱకముందే వేటకు, తల్లి రొయ్యల చెఱువు పనికి పోయిన యింటి పిల్ల వారమునకు మూడునాళ్ళే వచ్చినచో పోయిన పాఠము నెట్లు కలుపవలెను? ఇట్టి ప్రశ్నలకు నాలుగు సమాధానము లిచ్చి ఒకదానిపై గుర్తు పెట్టుమనుట కుదురదు. 1862 లో ఇంగ్లండున ఫలితములనుబట్టి గ్రాంటు అను పద్ధతి పెట్టిరి. అది మన మద్రాసు రాజధానికిని వచ్చినది. ఇనస్పెక్టరు వచ్చునాటికి పిల్లలు పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని చదువునంతగా వల్లెవేయించి, బుద్ధిని చంపిరని నాటి విమర్శకులే మొఱపెట్టిరి. పిల్లలయెడ విఫలమైన ఆ యంత్రమును మనము పంతుళ్ళకు తగిలించితిమి.

విదేశములు మనకు రెండు పాఠములు చెప్పుచున్నవి. ఫిన్లండు 1979 మొదలుకొని చిన్నపిల్లల పంతులునకు సయితము మాస్టర్సు పట్టము విధించినది. కాని ఆ చదువులో అభ్యాసపాఠశాలలో నిలిచి బోధించుట ప్రాణము. జపాను 2009 లో ఉపాధ్యాయుల లైసెన్సును పదియేండ్లకొకసారి క్రొత్తగ పొందవలెనని నియమించి, పంతుళ్ళ కొఱత, భారము చూచి 2022 లో దానిని రద్దు చేసినది. అమెరికాలో ప్రతి రాష్ట్రమునకు లైసెన్సు చట్టమున్నను, పంతుళ్ళు దొరకక 2022 లో అరిజోనా రాష్ట్రమువారు పట్టము పూర్తి కాకయే బోధించు వీలు కల్పించిరి. తయారీని కఠినము చేసి గౌరవమును, జీతమును పెంచిన చోట లైసెన్సు నిలిచినది. అవి లేక నియమములు మాత్రము పెంచిన చోట, నియమమును విధించినవారే దానిని సడలించుకొనవలసివచ్చినది.

సుప్రీముకోర్టు తీర్పు వెలువడిన నాటినుండి మా వృత్తివారిలో కలవరము పుట్టినది. "ఇరువదియేండ్లు బోధించిన మమ్ము ఇప్పుడు పరీక్ష వ్రాయుమందురా?" అని వారు ప్రశ్నించుచున్నారు. వారి మనోవేదనను మేమెఱుగుదుము. ఇన్నేండ్లు బోధన మాని ఓటర్ల జాబితాలు సవరించుట, మరుగుదొడ్లకు ఛాయాచిత్రములు తీసి పంపుట వారిచే చేయించిన ప్రభుత్వము, నీకు బోధించుట వచ్చునా యని నేడడుగుట విపరీతమే. అయినను తోడి ఉపాధ్యాయులకు మా మనవి యొకటి: "మమ్మెవ్వరు పరీక్షింపరాదు" అనకుడు. ఆ మాట యన్ననాడు లోకము మనలను గురువులనుట మానును. "మా తరగతికి వచ్చి పరీక్షింపుడు, వచ్చువాడు మాకంటె పని యెఱిగినవాడై యుండవలెను" అని యడుగుడు. మొదటిది భయము, రెండవది హక్కు. సంఘములు గడువు పొడిగింపునకై కాక, పరీక్షయొక్క స్వరూపము మార్చుటకై పోరాడినచో గృహస్థులు గూడ వారి పక్షమున నిలుతురు.

విమర్శించి యూరకుండుట మా పద్ధతి కాదు. మన శాసనసభ చేయదగిన చట్టమిట్లుండవలెను. మొదటిది: టెట్ తేఱినవానికి తాత్కాలికమైన లైసెన్సు మాత్రమే యిచ్చి, రెండేండ్లు అనుభవజ్ఞుడైన పంతులు చేతిక్రింద బడిలో పని చేయనీయవలెను. ఆ కాలమునకు కడుపు నిండు జీతమీయవలెను. 398 కథ మరల వలదు. రెండవది: ఆ రెండేండ్లలో మూడు వేర్వేరు వేళల, మఱియొక మండలపు ప్రధానోపాధ్యాయుడును, డైట్ అధ్యాపకుడును, అదే తరగతి బోధించు సీనియరు పంతులును తరగతిలో కూర్చుండి చూచి, తమ యభిప్రాయమును కారణములతో వ్రాసి యీయవలెను. ఆ పిమ్మటనే పూర్ణమైన లైసెన్సు. మూడవది: సర్కారు బడియని, ప్రయివేటు బడియని భేదము లేక రాష్ట్రమంతటికి ఒకే రిజిస్టరుండి, ప్రతి బడి గోడమీద పంతుళ్ళ పేర్లు, అర్హతలు అందఱికి కనబడునట్లు వ్రాయవలెను. నాలుగవది: డైట్ సంస్థలలో ఖాళీలు నింపనంతకాలము క్రొత్త శిక్షణశాలల కనుమతి యీయరాదు. అయిదవది: అర్హతలేనివారిని నియమించినచో ప్రయివేటు యజమానికెట్టి శిక్షయో, నియమించిన ప్రభుత్వాధికారికిని అట్టి శిక్షయే యుండవలెను.

మనుష్యులు వచ్చి చూచి తీర్పు చెప్పుటయన్నచో సిఫారసులు, లంచములు, కులాభిమానములు చొచ్చునని కొందఱందురు. ఈ భయము నిష్కారణము కాదు. పూర్వపు ఇంటర్వ్యూలు చెడ్డపేరు తెచ్చుకొనుటచేతనే బిట్ల పరీక్షకు గౌరవము వచ్చినది. అందుకనే మేము బిట్ల పరీక్షను తీసివేయుమనుట లేదు. అది గుమ్మము దగ్గఱి జల్లెడగా నుండనిండు. లోపలికి వచ్చినవాని పనిని ముగ్గురు, మూడు వేళల, కారణములు వ్రాసి చూడవలెనని, వారి వ్రాతపై అప్పీలుండవలెనని చెప్పుచున్నాము. ఒక్క గదిలో పది నిమిషములు జరుగు రహస్యమైన ఇంటర్వ్యూ వేఱు. పిల్లల యెదుట, తోడి పంతుళ్ళ యెదుట జరుగు పాఠము వేఱు. అవినీతి భయముచే వైద్యవిద్యార్థిని రోగి దగ్గఱకు పోనీయక, బిట్లతోనే వైద్యుని చేయుటకు మనమొప్పుదుమా?

ధనమెక్కడిదని మఱికొందఱందురు. శిక్షణలేని పంతులు క్రింద అయిదేండ్లు గడపి, ఆఱవ తరగతిలో పేరాగ్రాఫు చదువలేని పిల్లవానికి ట్యూషనుకు, మరల ట్యూషనుకు, పిదప కోచింగునకు ఇంటింట కట్టుచున్న ధనమును లెక్కవేయుడు. ఆ వ్యయము ఖజానా పద్దులలో కనబడదు గాని మన జేబులలోనుండియే పోవుచున్నది. కట్టలేని యింటి పిల్లవాడు చదువు మాని చెఱువు గట్టుమీదికో, లారీ క్లీనరు పనికో పోవుచున్నాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఒక్క రాత్రిలో ముంచినది. దానిని లోకమంతయు చూచి కన్నీరు పెట్టినది, చేయందించినది. చదువు రాని తరము మెల్లమెల్లగ మునుగుచుండగా ఏ తారాఘాతమును వినబడదు, ఎవ్వరును పరుగెత్తి రారు.

కావున గృహస్థులారా, గృహిణులారా, చట్టము వచ్చువఱకు మీరు చేయగల పని యొకటి కలదు. ఈ జూనులో బిడ్డ చేయిపట్టుకొని బడికి పోయినప్పుడు భవనమెన్ని యంతస్తులని, బస్సు మీ వీథికి వచ్చునా యని మాత్రమే అడుగకుడు. "మా బిడ్డకు చెప్పు పంతులమ్మ ఏమి నేర్చినది? ఎక్కడ నేర్చినది? ఆమెకు మీరెంత జీతమిచ్చుచున్నారు?" అని మూడు ప్రశ్న లడుగుడు. మీ యింటి యాడపిల్ల బి.ఎడ్. చదువుచున్నచో ఆమెను తరగతికి పోనిండు, హాజరు కొనకుడు. ఊరి సర్కారు బడిలో పాఠశాల సంఘమున మీకు స్థానమున్నది. అక్కడ ఒకనాడు కూర్చుండి పాఠము వినుడు. పంతులు చక్కగ చెప్పినచో మెచ్చుకొనుడు. చెప్పనిచో మర్యాదగా అడుగుడు. లారీ తోలువానిని లైసెన్సడుగు దేశము, బిడ్డను తీర్చువానిని అడుగకపోవుటకు కారణము చట్టము లేకపోవుట కాదు. అడుగు హక్కు తనదని తల్లిదండ్రి యెఱుగకపోవుటయే. అడిగిననాడు పత్రములు చూపి తప్పించుకొనువారు తగ్గుదురు. పాత్రత గడించినవారికి గౌరవము హెచ్చును.